గ్రాముల్లో నిసాబ్‌, రూపాయల్లో హక్కులు

ఫిబ్రవరి 12న కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ వినియోగదారుల ధరల సూచీకి కొత్త శ్రేణిని ప్రారంభించింది. 2012ను ఆధార సంవత్సరంగా పెట్టుకున్న పాత శ్రేణి ముగిసింది. ఇకపై 2024 ఆధారం. కొత్త లెక్క ప్రకారం జనవరిలో ధరల పెరుగుదల మూడు శాతానికి లోపే ఉందట. అంతకు ముందు, 2025 అక్టోబర్‌లో, అది 0.25 శాతానికి దిగింది. పాత శ్రేణి మొదలైనప్పటి నుంచీ అంత తక్కువ ఎన్నడూ లేదు. మన రాష్ట్రమైతే మరో మెట్టు కిందికి వెళ్లింది. 2025 జూన్‌లో తెలంగాణ సూచీ సున్నాను దాటి మైనస్‌ 0.93గా నమోదైంది. అంటే ఏడాది కిందటి కంటే ఇక్కడ బతుకు చవక అయిందని ప్రభుత్వ గణితం సాక్ష్యం చెబుతోంది.

ఈ ప్రకటన వెలువడి వారం తిరిగేసరికి రమజాన్‌ నెలవంక కనిపించింది. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో మన ఇళ్ల ఆడవాళ్లు సహరీకి, ఇఫ్తార్‌కు సరుకుల జాబితా రాసుకున్నారు. ఆ జాబితా పట్టుకొని కిరాణా కొట్టుకు వెళ్లిన వారిలో ఎవరిని అడిగినా, సూచీ చెప్పిన చవక తమ సంచిలోకి దిగలేదనే అంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. చిత్రమేమంటే సూచీ కూడా అబద్ధం చెప్పడం లేదు. రెండూ నిజాలే అయినప్పుడు మోసం ఎక్కడ జరుగుతున్నదో వెతకాలి. ఈ వ్యాసం ఆ వెతుకులాట కోసమే.

మొదట ఒక భ్రమ తొలగాలి. ద్రవ్యోల్బణం తగ్గింది అంటే ధరలు తగ్గాయని కాదు, ధరలు పెరిగే వేగం తగ్గిందని. చెరువులోకి వచ్చే వరద నెమ్మదించిందంటే కట్ట దగ్గరి నీటిమట్టం పడిపోయిందని ఎవరూ అనుకోరు. 2022లో వచ్చిన వరద సామాన్యమైనది కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో దేశవ్యాప్త ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. వేసవిలో దేశంలోనే అత్యధిక ధరల పెరుగుదల నమోదైన రాష్ట్రాలలో తెలంగాణ ముందు నిలిచింది. నాలుగు శాతం దగ్గర, ఎక్కువలో ఎక్కువ ఆరు శాతం లోపల ధరలను కట్టడి చేస్తానని చట్టప్రకారం పూచీ పడిన రిజర్వు బ్యాంకు వరుసగా మూడు త్రైమాసికాలు ఆ గీత దాటిపోవడంతో, ఎందుకు విఫలమయ్యామో వివరిస్తూ ప్రభుత్వానికి లేఖ రాసుకోవలసి వచ్చింది. ఆ లేఖను ప్రజల ముందు పెట్టలేదు. 2023 జూలైలో మళ్లీ 7.44. 2024 అక్టోబర్‌లో 6.21, అందులో ఆహార పదార్థాలవి 10.87 శాతం. ఇలా మూడేళ్లు ఎక్కిన నీరు ఎక్కడికీ పోలేదు. దాని మీద 0.25 శాతం చేరింది, అంతే.

పెట్రోలు సంగతి చూడండి. 2022 వేసవిలో ముడి చమురు పీపా 110 డాలర్లు దాటినప్పుడు హైదరాబాద్‌లో లీటరు 109 రూపాయల 66 పైసలు. 2025లో ముడి చమురు 70 డాలర్ల లోపుకు పడిపోయిన నెలల్లో కూడా లీటరు 107 రూపాయల పైనే. మధ్యలో దక్కిన ఊరట రెండు రూపాయల చిల్లర. పై ఎత్తున ఆగిపోయి కదలని ఈ ధరను ద్రవ్యోల్బణ గణాంకం ‘సున్నా పెరుగుదల’ అని నమోదు చేస్తుంది. మన పట్టణాలలో ఆటో తోలే సోదరులకు ఆ సున్నా ఏపాటి సున్నానో తెలుసు. 2023 డిసెంబర్‌ 9 నుంచి ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం కావడంతో వారి గిరాకీ సగానికి పడింది. ఇంధనం ఖర్చు మాత్రం పడలేదు. ఉచిత ప్రయాణాన్ని నేను తప్పుపట్టను. మన తల్లులూ చెల్లెళ్లూ ఆ బస్సుల్లోనే ఆసుపత్రులకూ కళాశాలలకూ వెళుతున్నారు. కానీ ఆటోవాలాకు ఏడాదికి 12 వేలు ఇస్తామన్న ఎన్నికల మాట ఏమైందని అడగడం కూడా న్యాయమే.

ఇక ఆ 0.25 శాతం ఎలా వచ్చింది? అందులో జి.ఎస్‌.టి. కోతకు కొంత వాటా ఉంది. 2025 సెప్టెంబర్‌ 22 నుంచి సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు వంటి వాటిపై పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. అసలు భారం మోసింది మాత్రం కూరగాయలు, పప్పులు. ఆ అక్టోబర్‌లో కూరగాయల ధరలు ఏడాది కిందటి కంటే 27 శాతానికి పైగా, పప్పుల ధరలు 16 శాతం పడిపోయాయి. అదే నెలలో వంటనూనెలు 11 శాతం పెరిగాయి, బంగారం 57 శాతం పెరిగింది. టమాట పడిపోయి నూనె పెరిగితే రెండూ కలిపి సగటు తీసి ‘పావు శాతం’ అని చెప్పారు. టమాట ఈ నెల పడి వచ్చే నెల లేస్తుంది. నూనె అలా కాదు. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల దిగుమతి మీద సుంకాన్ని ఒక్కసారిగా 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. 2025 మే చివర మళ్లీ తగ్గించినా ప్యాకెట్‌ ధర పాత చోటికి రాలేదు. రమజాన్‌ నెల పొడుగునా పకోడీ, సమోసా వేగే ఇళ్లలో ఏది బరువో చెప్పనక్కరలేదు.

కూరగాయలు చవకైతే సంతోషించవలసిందే కదా అనవచ్చు. కొనేవారిగా సంతోషిద్దాం. కానీ మానుకోట జిల్లాలో నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన ఎండుమిర్చి, 2025 ఆరంభానికి 12, 13 వేల రూపాయలకు జారింది. ఆంధ్రప్రదేశ్‌ రైతుల కోసమైనా కేంద్రం 11,781 రూపాయల ధర నిర్ణయించి మార్కెట్‌ జోక్యం అంటూ ఒక పథకం ప్రకటించింది. ఇటు పక్క మానుకోట, భూపాలపల్లి రైతులకు అదీ లేకపోయింది. మిర్చి పండించేది లంబాడా రైతు అయితే, ఏరేది దళిత, గిరిజన, ముస్లిం కూలి స్త్రీలు. రైతు నష్టపోయిన ఏడు వారి కూలిరేటు కూడా బిగుసుకుంటుంది. ఇంత జరిగినా కారం పొట్లం ధర ఆ మేరకు దిగిన కొట్టు మాత్రం నా కంట పడలేదు. పల్లె దగ్గర పడిపోయిన ధర పట్నం చేరేలోపు ఎవరి గల్లాలోనో ఆగిపోతుంది. సూచీ తగ్గుదలకు మూల్యం చెల్లించింది ఎవరో ఢిల్లీ ప్రకటనలో రాయలేదు.

సగటు అనే మాట దగ్గర ఇంకొంచెం నిలబడదాం. సూచీ అంటే ఒక బుట్ట. బుట్టలో ఏ వస్తువుకు ఎంత బరువు ఇవ్వాలో దేశంలోని కుటుంబాలన్నీ కలిసి పెట్టే మొత్తం ఖర్చును బట్టి నిర్ణయిస్తారు. ఇందులో ఇంటికొక ఓటు లేదు, రూపాయికొక ఓటు ఉంది. నెలకు లక్ష ఖర్చు పెట్టే ఇల్లు, పదివేలు ఖర్చు పెట్టే ఇంటికి పదింతలు బుట్టను తన వైపు వంచుకుంటుంది. పాత శ్రేణిలో ఆహార పానీయాల బరువు నూటికి 45.86; పల్లెలకు వేరుగా లెక్కించినప్పుడు 54.18. కొత్త శ్రేణిలో దేశం మొత్తానికి అది 37కు లోపే. దేశం సంపన్నమవుతున్న కొద్దీ తిండి మీద పెట్టే వాటా తగ్గడం సహజమేనని ఆర్థిక శాస్త్రం చెబుతుంది, అది నిజం కూడా. 2023-24 గృహ వినియోగ సర్వేలో పల్లె కుటుంబాల ఖర్చులో తిండి వాటా 47 శాతం. అయితే ఆ సర్వే సగటులో కూడా పెద్ద రైతు, కాంట్రాక్టర్‌, ఉద్యోగి ఉన్నారు. భర్త పండ్ల బండి తోస్తూ, భార్య ఇంట్లో మిషన్‌ కుడుతూ నలుగురు పిల్లలను సాకే ఇంట్లో తిండి ఖర్చు ఏ నెలా సగానికి దిగదు. ఇక ముందు తిండి ధరలు మళ్లీ ఎగబాకినప్పుడు కొత్త సూచీ మునుపటంత గట్టిగా అరవదు. ఆకలి అంతే ఉంటుంది, గొంతు మాత్రం తగ్గుతుంది.

కొత్త శ్రేణిలో ఒక మంచి మార్పు ఉందని కూడా ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ పల్లెల బుట్టలో ఇంటి అద్దెకు చోటే లేదు, ఇప్పుడు చేర్చారు. పల్లెవాడు సొంత ఇంట్లోనే ఉంటాడన్న ఊహ ఎంత పాతబడిందో మన మూడు జిల్లాలే చెబుతాయి. 2016 అక్టోబర్‌ 11న ఇవి జిల్లాలైన తర్వాత కలెక్టరేట్లు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, చుట్టూ ఊళ్లలో కూడా కిరాయిలు లేచాయి. ముస్లిం అని తెలిసి ‘ఇల్లు వేరే వాళ్లకు ఇచ్చేశాం’ అనే యజమానులు ఉన్న చోట మనకు దొరికే గదులు తక్కువ, అందుకే కిరాయి ఎక్కువ. ఈ అదనపు ధర ఏ బుట్టలోనూ, ఏ శ్రేణిలోనూ నమోదు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ధరలు పెరగడం అందరికీ ఒకటే అయినా, వాటి దెబ్బ అందరికీ ఒకటి కాదు. ఈ దేశంలో ఆదాయాలు రెండు రకాలు. ధరల సూచీకి ముడిపడినవి ఒక రకం, ఎవరి దయకో వదిలేసినవి రెండో రకం. సర్కారు ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు కరవు భత్యం. భూపాలపల్లిలో సింగరేణి పర్మినెంట్‌ కార్మికుడికి మూడు నెలలకొకసారి, పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని బట్టి, మారే భత్యం. అది వారు పోరాడి సాధించుకున్న హక్కు. దానిపై నాకు అసూయ లేదు. అదే గని నుంచి దిగిపోయిన ముసలి కార్మికుడి పింఛను మాత్రం 1998 నాటి పథకంలో గడ్డకట్టి ఉంది, దానికీ ధరలకూ ముడి లేదు. ఇక రాష్ట్ర ఉద్యోగాలలో ముస్లింల వాటా వారి జనాభా వాటా కంటే తక్కువని సుధీర్‌ కమిషన్‌ చూపించింది. దేశవ్యాప్తంగా అదే మాట సచార్‌ కమిటీ 2006లో చెప్పింది. కాబట్టి మన ఇళ్లలో అత్యధికం రెండో రకం ఆదాయం మీద బతికేవే. మెకానిక్‌, దర్జీ, వెల్డర్‌, దూదేకుల, చికెన్‌ కొట్టు కుర్రాడు, మదరసా ఉస్తాద్‌, వీరిలో కరవు భత్యం ఎవరికి ఉంది?

ప్రభుత్వమే రూపాయల్లో లెక్క కట్టి ఇచ్చేవి చూడండి. షాదీ ముబారక్‌ 2014 అక్టోబర్‌ 2న 51 వేలతో మొదలైంది. చాలదని 2017లో 75,116 చేశారు. అదీ చాలదని 2018 మార్చిలో 1,00,116 చేశారు. అక్కడే ఆగింది. అప్పటి ధరల సూచీ 136.5. 2025 అక్టోబర్‌లో అది 197 దాటింది. సామాన్య భాగహారం చేస్తే నేటి 1,00,116 రూపాయలు 2018 నాటి 69 వేలతో సమానం. అంటే ‘ఇది పేద ఇంటి పెళ్లికి చాలదు’ అని ప్రభుత్వం తానే తీర్మానించుకొని వదిలేసిన 75,116 మెట్టుకు కూడా కిందికి జారింది. ఎవరూ కోత విధించలేదు, జీవో రాలేదు, శాసనసభలో చర్చ జరగలేదు. కదలకుండా కూర్చోవడమే కోతగా పనిచేసింది.

బంగారంలో చెబితే ఇంకా సూటిగా అర్థమవుతుంది. 2018లో తులం దాదాపు 31 వేలు. ఆ డబ్బుకు మూడు తులాలు దాటి వచ్చేది. 2025 చివరికి తులం 1,30,000 దాటింది. ఇప్పుడు ముప్పావు తులం. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్‌ పార్టీ హిందూ ఆడబిడ్డల పెళ్లికి లక్ష రూపాయలతో పాటు తులం బంగారం అంది. మైనారిటీలకు విడిగా ప్రకటించిన డిక్లరేషన్‌లో 1,60,000 రూపాయలు అంది. నాటి ధరకు రెండు మాటలూ దాదాపు సమానం, ఎందుకంటే అప్పుడు తులం అరవై వేల పైచిలుకు. బంగారం ఇంకా ఏ ఆడబిడ్డకూ అందలేదు. మనకూ చేతికి వస్తున్నది పాత 1,00,116 రూపాయలే. కానీ తేడా గమనించండి. ఒకరికి ఇచ్చిన మాట బరువులో ఉంది, మరొకరికి ఇచ్చిన మాట రూపాయల్లో ఉంది. రేపు రెండూ అక్షరాలా అమలైనా, ఆ 60 వేలకు సగం తులం కూడా రాదు. మైనారిటీ నాయకులుగా ఆ డిక్లరేషన్‌ సభలో కూర్చొని చప్పట్లు కొట్టినవారు ఈ తేడాను ఆనాడే పట్టుకొని ఉండాల్సింది.

ఆసరా పింఛను 2019 జూన్‌ నుంచి 2,016 రూపాయలు. అప్పటి సూచీ 143 దరిదాపు. నేటి 2,016 అంటే ఆనాటి 1,460 రూపాయలు. ఆనాటి విలువ నిలబడాలన్నా ఇప్పుడు 2,750 దాటి ఇవ్వాలి. నాలుగు వేలు చేస్తామన్న హామీ సంగతి అటుంచండి, ఉన్నది కరగకుండా కాపాడడం కూడా జరగలేదు. కేంద్రం వాటా మరీ దయనీయం. ఎనభై ఏళ్లు నిండని పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చేది 2007 నుంచీ నెలకు 200 రూపాయలే. ఆ డబ్బుతో నేడు పావు కిలో మేకమాంసం కొనడం కష్టం. ఇమాములకు, ముఅజ్జిన్‌లకు 2018లో నెలకు 5,000 చేశారు. 2018 రూపాయల్లో దాని విలువ ఇప్పుడు మూడున్నర వేలు. 10 నుంచి 12 వేలు ఇస్తామన్న మాట ఎన్నికల కాగితం దాటి రాలేదు.

దయచేసి ఖజానా ఖాళీ అని చెప్పవద్దు. ధరలతో పాటు పెంచుకుంటూ పోతే ప్రభుత్వం దివాలా తీస్తుందనీ, ద్రవ్యోల్బణం ఇంకా పెరుగుతుందనీ పండితులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక పార్లమెంటు సభ్యుల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? 2018 ఏప్రిల్‌ నుంచి ఎంపీ నెల జీతం లక్ష రూపాయలు. షాదీ ముబారక్‌ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే లక్ష దాటింది. అదే ఏడాది ఆర్థిక చట్టంలో, ఎంపీల జీతాన్ని అయిదేళ్లకొకసారి ధరల పెరుగుదలను బట్టి దానంతట అదే సవరించే ఏర్పాటు చేసుకున్నారు. 2025 మార్చిలో నోటిఫికేషన్‌ వచ్చింది, జీతం 1,24,000 అయింది, అదీ 2023 ఏప్రిల్‌ నుంచి వర్తించేలా. ఎంపీ పింఛను 25 వేల నుంచి 31 వేలు అయింది. ధర్నా లేదు, వినతిపత్రం లేదు, మీసేవ కేంద్రం చుట్టూ తిరగడం లేదు. ఒకే ఏడాది, ఒకే లక్ష. ఒక లక్షకు చట్టం కాపలా కాసింది. మరో లక్షను ధరలకు వదిలేసింది.

మనకు అందని డబ్బు సంగతి ఇది. అర్హత సంగతి ఇంకా అన్యాయం. మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్‌ ఉపకారవేతనం 2008లో మొదలైనప్పుడు కుటుంబ వార్షికాదాయ పరిమితి లక్ష రూపాయలు. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు నెలకు వంద రూపాయలు. ధరలు రెట్టింపు దాటి పెరిగినా ఆ లక్ష లక్షగానే, ఆ వంద వందగానే ఉండిపోయాయి. చివరికి 2022లో ఎనిమిదో తరగతి దాకా ఆ పథకాన్నే ఎత్తివేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే మౌలానా ఆజాద్‌ ఫెలోషిప్‌నూ ఆపేశారు. మొదట ధరలు తినేశాయి, మిగిలిన దాన్ని ప్రభుత్వం తినేసింది. షాదీ ముబారక్‌కు పల్లెలో ఆదాయ పరిమితి లక్షన్నర. రోజుకు 500 కూలితో ఏడాదికి 300 రోజులు పని దొరికిన మేస్త్రీ సహాయకుడి ఆదాయం కచ్చితంగా లక్షన్నర. ఇంట్లో భార్య కూడా నాలుగు రోజులు పత్తి తీయడానికి వెళితే ఆ కుటుంబం కాగితం మీద పేదరికం దాటినట్టే! ధరలు పెరిగాయి కనుక కూలి కాస్త పెరిగింది. కూలి పెరిగింది కనుక నీవు పేదవు కావంటున్నారు. ఉపాధి హామీ కూలి 2025 ఏప్రిల్‌లో 300 నుంచి 307 అయింది, ఏడు రూపాయలు. దానికి ఆధారమైన వ్యవసాయ కూలీల ధరల సూచీ 2025 మధ్య దాకా 1986-87ను ఆధారంగా పెట్టుకొని, 1983 నాటి కూలి ఇళ్ల ఖర్చుల బుట్టతోనే నడిచింది. సెల్‌ఫోను రీచార్జి, ట్యూషన్‌ ఫీజు, ఆర్‌.ఎం.పి. డాక్టర్‌ ఇంజెక్షన్‌ ఆ బుట్టలో ఏ మాత్రం కనిపించి ఉంటాయో ఊహించుకోండి.

ఇక్కడే మన దీన్‌ మనకు నేర్పిన లెక్క ఒకటి జ్ఞాపకం చేసుకోవాలి. జకాత్‌ ఎవరి మీద విధి? నిసాబ్‌ ఉన్నవారి మీద. నిసాబ్‌ను దీనార్లలోనో రూపాయల్లోనో గడ్డకట్టించలేదు. 87.48 గ్రాముల బంగారం, లేదా 612.36 గ్రాముల వెండి. 2025 ఆరంభంలో కిలో వెండి 90 వేల ప్రాంతంలో ఉన్నప్పుడు వెండి నిసాబ్‌ 55 వేలు. ఏడాది చివరికి కిలో రెండు లక్షలు దాటింది. నిసాబ్‌ లక్షా ఇరవై వేల పైకి చేరింది. మన ఉలమాలు ఏ కమిషన్‌ కోసమూ ఎదురుచూడలేదు, బరువును ఆనాటి ధరతో హెచ్చవేశారు, అంతే. ఫిత్రా కూడా అంతే. గోధుమల తూకం మారదు, ప్రతి రమజాన్‌లో స్థానిక ధరను బట్టి రూపాయలు మారతాయి. ఫలితం చూడండి. ఇంట్లో లక్షా పదివేలు దాచుకున్నవాణ్ణి వెండి నిసాబ్‌ లెక్కలో ‘నీవింకా ఇచ్చేవాడివి కావు’ అని షరీఅత్‌ వదిలేస్తుంది. ఏడాది మొత్తం మీద లక్షా పదివేలు సంపాదించి తిండికే ఖర్చు చేసిన తండ్రిని, అతని పిల్లలు ఉపకారవేతనానికి అర్హులు కాలేనంత సంపన్నుడని లౌకిక రాజ్యం గేటు వేసింది.

ఇది చెబుతూ మనల్ని మనం వదిలిపెట్టడం న్యాయం కాదు. నికాహ్‌ రోజున సియాహాలో మెహర్‌ను రూపాయల్లో రాయించి, అదీ ‘తర్వాత ఇస్తాం’ అని వాయిదా వేసే ఆచారం మన జిల్లాలలో ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట 11 వేలు అని రాయించుకున్న చెల్లెలికి నేడు ఆ మెహర్‌ చేతికి వస్తే ఎంత మిగిలినట్టు? తనకు కట్నంగా కావలసింది తులాల్లో అడిగే వరుడు, తాను ఇవ్వవలసిన మెహర్‌ను రూపాయల్లో రాయిస్తాడు. సర్కారు చేసిన పనే మనమూ చేస్తున్నాం. ఖాజీలు, జమాఅత్‌ పెద్దలు మెహర్‌ను గ్రాముల్లో రాయించే పద్ధతిని ఈ ఈద్‌ తర్వాతి పెళ్లిళ్ల నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ అసెంబ్లీ తీర్మానమూ అక్కరలేదు.

ధరలు అందరి సమస్య, దీన్ని ముస్లిం సమస్యగా ఎందుకు చేస్తారని కొందరు మిత్రులు అడుగుతారు. అందరి సమస్యే. మానుకోట తండాలోని వృద్ధురాలి 2,016 కూడా అంతే కరిగింది, కల్యాణలక్ష్మి లక్ష కూడా అంతే కరిగింది. అందుకే మనం అడగవలసింది మనకొక్కరికే అదనంగా ఇవ్వమని కాదు. రూపాయల్లో ప్రకటించిన ప్రతి హక్కునూ, ప్రతి ఆదాయ పరిమితినీ ఏటా సూచీతో సవరించే ఒకే ఒక్క చట్టం తెమ్మని. అయితే ఉద్యోగమూ, భూమీ రెండూ అతి తక్కువగా ఉన్న సమాజానికి ఈ పథకాల రూపాయి మీద ఆధారం ఎక్కువ. అది కరిగితే ముందు మునిగేది ఆ సమాజమే. 2024 కులగణన ప్రకారం రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం. ఈ మూడు జిల్లాలలో అంతకంటే బాగా తక్కువ. హైదరాబాద్‌ పాతబస్తీలో గొంతు ఎత్తితే వినబడుతుంది; ఇక్కడ నాలుగు గల్లీలకు ఒక మసీదు ఉన్న చోట మన గొంతు మన గోడలు దాటదు. అందుకని తండా గొంతుతో, మాదిగవాడ గొంతుతో కలవడం మనకు మర్యాద కోసం చేసే పని కాదు, అవసరం.

ప్రభుత్వం చేసిన మేలు కూడా చెప్పాలి. 2025 ఉగాదికి మొదలైన సన్నబియ్యం, మనిషికి ఆరు కిలోలు, మన ఇళ్లలో నిజమైన ఊరట. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు కూడా అంతే. ఎందుకు ఇవి నిలబడ్డాయో ఆలోచించండి. ఇవి కిలోల్లో ఉన్నాయి, యూనిట్లలో ఉన్నాయి. బియ్యం ధర ఎంత పెరిగినా ఆరు కిలోలు ఆరు కిలోలే. రూపాయల్లో ఇచ్చినవే కరిగాయి. మొన్నటి దాకా 6.5 శాతం ఉన్న రెపో రేటును రిజర్వు బ్యాంకు 2025 డిసెంబర్‌కు 5.25కు దించింది, ద్రవ్యోల్బణం తగ్గినందుకు అది పరిశ్రమలకు దక్కిన బహుమతి. సూక్ష్మరుణ సంస్థల వారపు కిస్తీ కట్టే మన అక్కలకు ఆ తగ్గింపు కబురైనా అందలేదు.

చేయగలిగిన పని ఒకటి ప్రతిపాదిస్తున్నాను. జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి మసీదు కమిటీలు, వీలైతే చర్చి, తండా, రైతు సంఘాల మిత్రులతో కలిసి, ఒక్కో పట్టణంలో ఒక పుస్తకం పెట్టాలి. ప్రతి నెలా మొదటి జుమా తర్వాత, ఒకే మూడు కొట్లలో, ఒకే పన్నెండు వస్తువుల ధరలు రాయాలి. వంటనూనె, కందిపప్పు, పాలు, గుడ్లు, కోడిమాంసం, ఉల్లి, టమాట, చక్కెర, టీపొడి, కారం, గ్యాస్‌ సిలిండర్‌, బడి నోట్‌బుక్‌ చాలు. పక్కన రెండు గదుల ఇంటి కిరాయి, ఆ వారం కూలిరేటు, దర్జీ జాకెట్టుకు తీసుకున్న డబ్బు. రాసేది ఇంటి ఖర్చు తెలిసిన ఆడపిల్లలైతే మేలు. ఇంటర్‌ చదివే అమ్మాయిలు ఈ పని మగవారికంటే శుద్ధంగా చేస్తారు. మూడు నెలల పుస్తకంతో సోమవారం ప్రజావాణికి వెళ్లి, షాదీ ముబారక్‌ ఎనిమిదేళ్లుగా ఎందుకు కదలలేదో రాతపూర్వకంగా అడగాలి. నకలు ఎమ్మెల్యేకు, ఎంపీకి ఇవ్వాలి. ఎంపీకి ఇచ్చే కాగితం మీద ఆయన జీతం 1,24,000 అయిన సంగతి కూడా ఒక వాక్యంలో రాయండి. మొదటి పుస్తకాల నకళ్లు ఈద్‌ తర్వాత మాకు పంపితే, మూడు పట్టణాల ధరలూ పక్కపక్కన పెట్టి ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం.